నీలం డ్రమ్ము పట్టాదారులు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: అమ్మ, మామ్మ, వీఆర్వో సన్యాసిరావు గారు, ఆయన వెంట టేపు పట్టుకొచ్చిన సర్వేయరు, తలుపు వెనక నేను, వసారాలో ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, ఆ డ్రమ్ము మీద మూడువందల పన్నెండు గుల్లలు. నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్లాడు. గుల్లల సంఖ్య నేను చెప్పింది కాదు, సర్వేయరు తేల్చింది. ఆయన సుద్దముక్కతో ఒక్కొక్క గుల్ల మీద చుక్క పెట్టుకుంటూ లెక్కించారు. వాటిలో నలభై మరీ చిన్నవి కావడంతో వాటిని మైనర్లుగా రాసుకున్నారు.

వీఆర్వో గారు వచ్చింది ఆ మూడువందల పన్నెండింటికీ నోటీసు ఇవ్వడానికి.

ఇదంతా నేను రాసిన ఒక్క మాట వల్ల జరిగింది కాబట్టి, ఆ మాట ఎలా రాశానో ముందు చెప్పాలి.

మా ఊరు ఇసకగెడ్డపేట. గెడ్డ, అంటే మా చిన్న ఏరు, సముద్రంలో కలిసే మొగ దగ్గర బురదలో గుల్లలుంటాయి. పాటు తీసి నీళ్లు వెనక్కి పోయినప్పుడు మా వాడ ఆడవాళ్లు మోకాలిలోతు నీళ్లలో దిగి, కాలివేళ్లతో తడిమి, వంగి తీసి గంపలో వేస్తారు. నాన్న వేటకి వెళ్లని రోజుల్లో మా ఇల్లు ఆ గంప మీదే నడుస్తుంది. వెళ్లిన రోజుల్లో కూడా చాలాసార్లు ఆ గంప మీదే నడుస్తుంది.

కిందటేడు తుపాను పోయాక గెడ్డ మొగలోకి డ్రమ్ములు, థర్మాకోల్ దిమ్మలు, తెగిన నైలాన్ వలలు, జత లేని చెప్పులు, లెక్కలేనన్ని సీసాలు కొట్టుకొచ్చాయి. వాటి మీద రాతలు మా ఊళ్లో ఎవరికీ చదవడం రాలేదు. వాటి మీద నల్లటి గుల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అలాంటివి మా మామ్మ కూడా ఎప్పుడూ చూడలేదు.

మా స్కూల్లో జీవశాస్త్రం చెప్పే తవిటయ్య మాస్టారికి ఒకటి చూపించాను. ఇవి మన సముద్రానివి కావన్నారు. పూర్వం ఇలాంటివి ఏ దుంగ మీదో ఎక్కి బయల్దేరితే, ఆ దుంగ కొన్నాళ్లకి నాని, కుళ్లి మునిగిపోయేదట. దాంతోపాటే ఇవీ మునిగేవి. ప్లాస్టిక్ కుళ్లదు. ఎక్కినవాటికి దిగే పనిలేదు. ఏళ్లతరబడి తేలుతూ ఎక్కడో ఒకచోట ఒడ్డుకి చేరతాయి. ఒక్కసారి గుడ్లు వదిలాయంటే పిల్లలు బురద మీద చాపలా అల్లుకుంటాయి, కింద ఉన్న మన గుల్లలకి ఊపిరాడదు. అప్పటికే గెడ్డలో ఒక మూల నల్లచాప పరుచుకుంది. అమ్మ గంప సగానికి తగ్గింది. మిగతా డ్రమ్ముల మీదవి గుడ్లు వదిలేలోగా చెత్తంతా ఎత్తించేస్తే గెడ్డ దక్కుతుందని మాస్టారు చెప్పారు.

నాకు నలుగురిలో గొంతు పెగలదు. రాయమంటే మాత్రం రాస్తాను. అర్జీ రాశాను. గెడ్డలో ప్లాస్టిక్ చెత్త ఉంది, తీయించమని రాశాను. అది పంచాయతీకి వెళ్లింది. చెత్త నీళ్లలో ఉంది కాబట్టి తమది కాదని పంచాయతీ వారు రాశారు. చేపలవారికి పంపితే, డ్రమ్ము చేప కాదని రాశారు. చెత్తవారికి పంపితే, చెత్త మీద ప్రాణులున్నాయి కాబట్టి ముందు వాటి సంగతి తేలాలని రాశారు. మూడు జవాబుల్లోనూ ఒక్క అబద్ధం లేదు.

అప్పుడు మాస్టారు, పుస్తకంలో మాట రాస్తే పెద్దవాళ్లకి అర్థమవుతుందన్నారు. బయటనుంచి వచ్చి ఇక్కడి జీవుల చోటు లాక్కునేవాటికి పదో తరగతి పాఠంలో ఉన్న మాటే రెండో అర్జీలో రాశాను. “మా గెడ్డలో ఆక్రమణ జాతులు స్థిరపడుచున్నవి. తక్షణం తొలగించ ప్రార్థన.”

నాలుగు రోజుల్లో కదలిక వచ్చింది.

ఆ నెలలో మండలంలో ఆక్రమణల తొలగింపు పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ఒక్కో మండలం ఇన్ని ఆక్రమణలు కనిపెట్టాలని పైనుంచి తాఖీదు. మా మండలంలో అప్పటికి ఒక్కటీ దొరకలేదు. గెడ్డకి మూడు పక్కలా పోరంబోకులో రొయ్యల చెరువులున్నాయి గానీ, అవి ఆక్రమణలు కావని, అభివృద్ధి అని అంతకుముందే విచారణలో తేలింది. పక్షోత్సవాలు ముగియడానికి ఆరు రోజులుందనగా నా అర్జీ వెళ్లింది. తహసీల్దారు గారు దాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారని వీఆర్వో గారే మాకు చెప్పారు.

ఆ నీలం డ్రమ్మును, సాక్ష్యంగా ఉంటుందని మాస్టారు చెప్తే, అమ్మా నేనూ ఒడ్డుకి లాగి ఇంటికి తెచ్చుకున్నాం. అందుకే నోటీసు మా ఇంటికి వచ్చింది.

సన్యాసిరావు గారు నోటీసు పైకి చదివారు. సదరు గెడ్డ పోరంబోకు యందు అనుమతి లేకుండా ప్రవేశించి, సకుటుంబంగా నివాసమేర్పరచుకొన్న మీరు, ఈ నోటీసు అందిన ఏడు దినములలోగా స్వచ్ఛందంగా ఖాళీ చేయవలెనని, లేదా తగు కారణములు చూపవలెనని అందులో ఉంది. చదివి, డ్రమ్ము వైపు తిరిగి కొంచెంసేపు ఆగారు. గుల్లలు ఏమీ అనలేదు. ‘తీసుకొనుటకు నిరాకరించిరి’ అని రాసుకుని, నోటీసు డ్రమ్ముకి అంటించి, మామ్మ చేత సాక్షిగా వేలిముద్ర వేయించారు.

అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చింది.

“ఏడు రోజులెందుకు బాబూ, ఈటికి నీలు కాగుతున్నాయి. ఒక్క కుండ పోసీనానంటే అన్నీ నోరు తెరిసీస్తాయి” అంది.

వీఆర్వో గారి ముఖం మారిపోయింది. నోటీసు గడువులో ఉన్న ఆక్రమణదారుల మీద వేడినీళ్లు పోస్తే ఏ కేసవుతుందో, దానికి బెయిలు ఎందుకు రాదో అమ్మకి ఓపిగ్గా వివరించారు. తరవాత ఇంకో చిక్కు కనిపెట్టారు. నోటీసు ఆక్రమణ స్థలంలో అంటించాలి. మా వసారా మాది. ఇక్కడ అంటిస్తే ఆక్రమించింది మా వసారానని అవుతుంది, గెడ్డ కేసు వీగిపోతుంది. కాబట్టి డ్రమ్మును నోటీసుతో సహా ఎక్కడనుంచి తెచ్చామో అక్కడే పెట్టి రావాలి. ఉత్తర్వులు వెలువడే వరకు యథాతథ స్థితి.

“నీలల్లోంచి తీసింది మల్లీ నీలల్లోనేటి?” అంది అమ్మ.

“నేను కాదమ్మా, రూలు” అన్నారు వీఆర్వో గారు.

అమ్మా నేనూ చెరో పక్కా పట్టుకుని డ్రమ్మును గెడ్డలో దింపాం. సర్వేయరు ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో తరవాత జిల్లా పేపర్లో వచ్చింది. కింద ‘ఆక్రమణలపై ఉక్కుపాదం’ అని వేశారు. ఫొటోలో ఉన్న పాదాలు అమ్మవి.

ఏడు రోజుల్లో గుల్లలు ఖాళీ చేయలేదు. ఎనిమిదో రోజు తహసీల్దారు ఆఫీసులో విచారణ. అర్జీదారుని కాబట్టి నన్ను రమ్మన్నారు. అమ్మా, మాస్టారూ వెంట వచ్చారు.

బంట్రోతు వరండాలోకి వెళ్లి, “నీలం డ్రమ్ము వగైరా!” అని మూడుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. ఎదుటి పక్షం రాకపోతే మనవైపే తీర్పు వస్తుందని నేను ఆశపడ్డాను. కానీ మా తహసీల్దారు గారు న్యాయం తెలిసినవారు. నోరులేనివాళ్లు రాలేదని వాళ్లని కాలదన్నే అధికారిని కానన్నారు. నోటీసు ఏ భాషలో ఇచ్చారని వీఆర్వో గారిని అడిగారు. తెలుగులో, అన్నారాయన. వాళ్ల డ్రమ్ము మీద ఉన్నది ఏ భాష? తెలియదు, అన్నారాయన. తహసీల్దారు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తెలియని దేశం వచ్చి, కట్టుబట్టలతో ఒడ్డుకి చేరినవాళ్లకి, తెలియని భాషలో కాగితం అంటించి వచ్చారా అని అడిగారు. వీఆర్వో గారు తల దించుకున్నారు. నాకు కూడా తల దించుకోవాలనిపించింది.

మాస్టారు లేచి, అవి మనుషులు కావని, ఆక్రమణ జాతులంటే శాస్త్రంలో ఇంకో అర్థమని చెప్పబోయారు.

“అర్జీలో ఆక్రమణ అని రాశారా, లేదా?”

“రాశామండి.”

“జాతులు అని రాశారా, లేదా?”

“రాశామండి, కానీ...”

“ఆక్రమణ మా సబ్జెక్టు. జాతులు కూడా, కుల ధ్రువీకరణ మేమే ఇస్తాం కాబట్టి, మా సబ్జెక్టే. మీరు సరైన ఆఫీసుకే వచ్చారు మాస్టారూ, మీరే గుర్తుపట్టడం లేదు.”

తరవాత ఆయన మాస్టారిని నిపుణుడైన సాక్షిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. మాస్టారు జీవితంలో అబద్ధమాడని మనిషి. అవి వచ్చి ఎంత కాలమైంది? చిప్ప మీద గీతల్ని బట్టి ఏడాది దాటింది. ఇక్కడ పిల్లల్ని కన్నాయా? లక్షల్లో కంటాయి. ఆ పిల్లలు ఇక్కడ పుట్టినవేనా? ఇక్కడ పుట్టినవే. తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందా? ఒకసారి అంటుకున్నాక ఇక కదలవు. ఎంత ప్రమాదమో తెలియాలని మాస్టారు ఒక్కో జవాబూ గట్టిగా చెప్పారు. ఆయన చెప్పేకొద్దీ తహసీల్దారు గారి ముఖం కరిగిపోయింది.

ఆ తరవాతి వారంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పక్షోత్సవాలు అప్పటికి ముగిసి, ఆక్రమణల క్రమబద్ధీకరణ మాసోత్సవాలు మొదలయ్యాయి. కిందటి దసరాకి ముందునుంచి పోరంబోకులో ఉంటూ, పిల్లాపాపలతో స్థిరపడి, వేరే చోటికి కదలలేని నిరుపేదలందరికీ పట్టాలివ్వాలని అందులో ఉంది. మా మండలంలో అన్ని అర్హతలూ ఉన్నవి ఇవే.

ఇక అక్కణ్నించి పని ఎంత చురుగ్గా జరిగిందో చెబితే, మా ఊరి రోడ్డు చూసినవాళ్లెవరూ నమ్మరు. సర్వేయరు పడవలో తిరిగి డ్రమ్ములకీ, సీసాలకీ, చెప్పులకీ ఎర్రరంగుతో డోరు నంబర్లు వేశారు. ఒక ఎడంకాలి హవాయి చెప్పుకి 4-17/ఎ అని వేశారు. మాకింకా డోరు నంబరు లేదు. మా వాడ రికార్డుల్లో ‘సముద్రం’ అని ఉంది.

పట్టాలో హద్దులు రాయాలి. తూర్పు నీరు, పడమర నీరు, ఉత్తరం నీరు, దక్షిణం ఆటుపోట్ల వేళను బట్టి అని రాశారు. కాగితం తడిసిపోతుందని ఒక్కో పట్టాకీ దళసరి ప్లాస్టిక్ తొడుగు వేయించి, నైలాన్ తాడుతో డ్రమ్ములకి కట్టారు. పంపిణీ సభకి పైనుంచి పెద్దలు వచ్చారు. గెడ్డ ఒడ్డున షామియానా, ఫ్లెక్సీలు, మంచినీళ్ల ప్యాకెట్లు. ఆ సభలో ఒక పెద్దాయన చేసిన ప్రసంగం నేను నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. గుడ్డి నమ్మకాలు, సంకుచిత ప్రాంతీయ భావాలు విడిచిపెట్టి, వచ్చినవారిని అక్కున చేర్చుకోవడం గెడ్డ తల్లి నుంచి నేర్చుకోవాలన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక నీళ్ల ప్యాకెట్లూ, గ్లాసులూ, ఫ్లెక్సీ ముక్కలూ గాలికి గెడ్డలోకి దొర్లాయి. మర్నాడే వాటికి నంబర్లు వేశారు.

అంతటితో ఆగినా బాగుండేది. కుటుంబాలు పెరుగుతున్నాయని, నివాసాలు చాలడం లేదని సర్వేయరు నివేదిక పంపారు. పుట్టిన పిల్లలు వెదురు బొంగుల మీదా, తాటి దుంగల మీదా బతుకుతున్నట్టు అందులో ఉంది. వెదురూ, దుంగలూ కొన్నాళ్లకి కుళ్లిపోతాయి కాబట్టి వాటిని పూరిళ్ల కింద జమకట్టారు. ప్లాస్టిక్ ఎన్నటికీ కుళ్లదు కాబట్టి అది పక్కా గృహం. పూరిళ్లు లేని తీరం అనే పథకం కింద రెండు లారీల కొత్త నీలం డ్రమ్ములు దిగాయి. తవిటయ్య మాస్టారు ఒడ్డున నిలబడి వాటిని గెడ్డలోకి దొర్లిస్తుంటే చూశారు. ఆ రోజు క్లాసులో పాఠం చెప్పలేదు. ఆక్రమణ జాతుల పేజీ మడిచి, దీన్ని వదిలేయండి, పరీక్షకి రాదన్నారు.

ఎండలు ముదిరాయి. గుల్లలు గుడ్లు వదిలాయి. నల్లచాప ఒక మూలనుంచి బయల్దేరి గెడ్డంతా పరుచుకుంది. అమ్మ గంపతో దిగి, పూటంతా తడిమి, మామ్మకి పులుసుకి సరిపడా కూడా తేలేకపోయింది. నల్లవాటి అంచులకి ఆమె కాలివేళ్లు తెగాయి. ఇంకో వారానికి గెడ్డ చుట్టూ తీగె కట్టి బోర్డు పెట్టారు: ‘పట్టా భూమి. ఇతరులు ప్రవేశించరాదు.’ మా వాడ ఆడవాళ్లు పదిహేనుమంది తీగె అవతల గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. వీఆర్వో గారు వచ్చి, మీరిక్కడ గుమిగూడితే లోపలివాళ్లు భయపడతారన్నారు.

“లోపలోలెవులు బాబూ?” అంది మామ్మ.

ఆయన డోరు నంబర్ల జాబితా చూపించారు.

ఇంటికొచ్చాక అమ్మ నా మీద కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. కాళ్లకి పసుపు రాసుకుంటూ, నా వైపు చూడకుండా, “నువ్వు రాసినావు గదే. నువ్వే ఎల్లి సెరిపించు” అంది.

మర్నాడు స్కూలు మానేసి ఒక్కదాన్నే మండలాఫీసుకి వెళ్లాను. చెప్పవలసిన మాటలు అరచేతిలో రాసుకున్నాను. బస్సులో చెమటకి సగం చెరిగిపోయాయి. వరండాలో చాలాసేపు నిలబడ్డాను. తహసీల్దారు గారే నన్ను గుర్తుపట్టి లోపలికి పిలిచి, నీలాంటి పిల్లలు ఊరికొకరుంటే చాలన్నారు. ఆ అర్జీ వల్ల మండలానికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ ఫ్రేములో పెట్టి గోడకి తగిలించారు.

అర్జీలో ఆ ఒక్క మాట కొట్టేయాలండి, అన్నాను. దస్త్రంలో ఒకసారి ఎక్కిన మాటని కొట్టేస్తే దాని మీద ఆధారపడిన రెండువేల పైచిలుకు కుటుంబాలు రోడ్డున పడతాయన్నారు. అవి నీళ్లలోనే పడతాయండి, అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నా గొంతు చిన్నది.

అరచేతిలో రెండో ముక్క ఇంకా కనిపిస్తోంది. అది చదివాను. “మా అమ్మకి కూడా పట్టా ఇప్పించండి. గెడ్డలో గుల్లలేరుకోడానికి.”

ఆయన సంతోషంగా దరఖాస్తు ఫారం తీశారు. కలం మూత తీశారు.

“మీ అమ్మ గెడ్డలోకి ఎప్పుడొచ్చింది?”

“మామ్మ కూడా అక్కడే ఏరిందండి. మామ్మ వాళ్లమ్మ కూడా.”

“అది కాదమ్మా. ఎక్కడనుంచి వచ్చారు?”

“ఎక్కడనుంచీ రాలేదండి. మేం అక్కడే ఉన్నాం.”

ఆయన కలం ఆగిపోయింది. ఫారంలో ఆ గడి వంక జాలిగా చూశారు.

“ఎక్కడనుంచీ రాకపోతే ఆక్రమించనట్టే కదమ్మా. ఆక్రమించకపోతే నేను దేన్ని క్రమబద్ధీకరించను?” అన్నారు. తప్పు మాదేనని నాకు అర్థమయ్యేలా చాలా మెల్లగా చెప్పారు. పథకం ఆక్రమించినవాళ్లకి. ఏ తప్పూ చేయనివాళ్లకి ప్రస్తుతం పథకం లేదు. పెడితే పేపర్లో వస్తుంది.

నేను చాలాసేపు ఆలోచించి, పుట్టి బుద్ధెరిగాక ఒక అధికారిని అడిగిన మొదటి ప్రశ్న అడిగాను. అమ్మ సముద్రంలోకి వెళ్లి, ఒక డ్రమ్ము పట్టుకుని తేలుతూ మళ్లీ ఒడ్డుకి వస్తే సరిపోతుందా అని.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు వైపు చూసి, వేళ్లు మడుచుకుంటూ లెక్కలు వేశారు. డ్రమ్మయితే అర్హత ఉంటుందన్నారు. ఎన్ని రోజులు తేలాలన్నది మాత్రం పైవారిని అడిగి తెలుసుకోవాలి. కిందటి దసరా ముందే బయల్దేరినట్టు రుజువుండాలి. తెలుగు చదవడం రాకపోతే ఇంకా మంచిది. అమ్మకి చదువొచ్చా అని అడిగారు. రాదన్నాను. చూశావా, అన్ని దారులూ మూసుకుపోలేదన్నారు.

“అయితే మా అమ్మని ఇవాళే దిగమననా అండి?” అన్నాను.

అప్పుడు బంట్రోతు వచ్చి, కొత్తగా కొట్టుకొచ్చిన డ్రమ్ముల జాబితాతో సర్వేయరు వచ్చారని చెప్పాడు. తహసీల్దారు గారు లేచి నన్ను భుజం పట్టుకుని గుమ్మందాకా నడిపించారు.

“వచ్చినవాళ్ల సంగతి ముందు చూడాలి తల్లీ. నువ్వు ఇక్కడిదానివే కదా, బయట కూర్చో” అని తలుపు వేసేశారు.